ఆ మంట పెట్టింది ఎవరు?



మన యౌవనస్థులు కొందరు ఫోన్లలో "క్యాసిల్‌వేనియా" అనే బొమ్మల సీరీస్ చూస్తున్నారట. అందులో బిషప్పును దుర్మార్గుడిగా చూపించి సంఘాన్ని అవమానించారని, దాన్ని ఖండిస్తూ తీర్మానం చేయాలని పెద్దలు కొందరు మమ్మల్ని అడిగారు. మేము కూర్చుని చూశాం. ఖండించవలసినది ఉన్నమాట నిజమే. అది పెద్దలు వేలు పెట్టి చూపిన చోట మాత్రం లేదు.

ముందు పిల్లల సంగతి. బొమ్మలతో తీశారు గదా అని చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. నరుకుళ్లు, నెత్తురు, బూతులు, నగ్నత్వం అన్నీ ఉన్నాయి. అది పెద్దవాళ్ల కోసం తీసినది. ఈ విషయంలో వాదన లేదు.

ఇక కథ. జపాన్‌కు చెందిన కొనామి కంపెనీ 1986లో మొదలుపెట్టిన వీడియోగేమ్‌ల వరుస ఒకటి ఉంది. అందులో 1989లో వచ్చిన మూడో ఆట ఈ సీరీస్‌కు ఆధారం. నెట్‌ఫ్లిక్స్‌లో 2017 నుండి 2021 వరకు నాలుగు సీజన్లు, మొత్తం 32 భాగాలు వచ్చాయి. ఆటలో కొరడా పట్టుకుని దయ్యాలను కొట్టుకుంటూ పోవడమే పని. సీరీస్ మాత్రం డ్రాక్యులాకు మనుషుల మీద అంత పగ ఎందుకొచ్చిందో చెప్పడంతో మొదలవుతుంది.

1455లో, ఇప్పటి రొమేనియాలోని వలాకియాలో, లీసా అనే స్త్రీ ఒంటరిగా డ్రాక్యులా కోట తలుపు తడుతుంది. వైద్యం నేర్పమంటుంది. నేర్చుకుని, అతనికి భార్యయై, పల్లెల్లో రోగులకు మందులిస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత బిషప్పు ఆమెను మంత్రగత్తె అని గుంజకు కట్టించి కాల్పిస్తాడు. ఆమె ఇంట్లో దొరికిన సాక్ష్యం ఏమిటంటే, మందులు చేసే గాజు సీసాలు, పరికరాలు. కాలిపోతూ ఆమె కేకలు వేసేది భర్తకే: వీళ్లను ఏమీ చేయవద్దు, ఏం చేస్తున్నారో వీళ్లకు తెలియదు అని.

ఈ మనవి మొదట ఎవరి నోట వచ్చిందో లూకా సువార్త 23వ అధ్యాయం చదివినవారికి మేము చెప్పనక్కరలేదు. మన ప్రభువు సిలువ మీద చేసిన ప్రార్థన మంటలో ఉన్న ఆ స్త్రీ నోట ఉంది. మంట పెట్టించినవాడు బిషప్పు. పెద్దలారా, దీన్ని చూసి మీకు కోపం ఎవరి మీద వచ్చింది? కథ రాసినవాని మీదనా?

"అదంతా కల్పితం, సంఘం అలా చేయలేదు" అంటారు. కథలో తప్పులున్నాయి, ఒప్పుకుందాం. వలాకియా ఆర్థడాక్స్ సంఘపు దేశం. మంత్రగత్తెలని కాల్చడం పెద్దయెత్తున జరిగింది అక్కడ కాదు, ఆ తరువాతి రెండు శతాబ్దాల్లో, ఎక్కువగా జర్మన్ నేలల్లో. కానీ జరిగింది. ఐరోపాలో నలభై వేల మందికి తక్కువ కాకుండా చంపబడ్డారని చరిత్రకారుల లెక్క. వారిలో ఎక్కువమంది స్త్రీలు. "అది కతోలికుల పని" అని తప్పుకోవడానికీ వీల్లేదు. 1692లో అమెరికాలోని సేలంలో 19 మందిని ఉరితీసి, ఒక ముసలాయనను రాళ్ల బరువు కింద నలిపి చంపినవారు మనలాగే దినమూ బైబిలు చదివే ప్రొటెస్టంట్లు. నిర్గమకాండము 22:18 వారికీ తెలుసు. ఆ న్యాయాధిపతుల్లో ఒకడైన శామ్యూల్ స్యూవల్ 1697లో తన సంఘం ఎదుట లేచి నిలబడి, తన తప్పు ఒప్పుకోలును పాదిరిగారి చేత చదివించాడు. అతను తీర్మానం చేసింది నాటకాల మీద కాదు.

సీరీస్‌లో గ్రెసిట్ అనే పట్టణం వస్తుంది. రాత్రిపూట దయ్యాలు వచ్చి జనాన్ని చంపుతుంటాయి. అక్కడి బిషప్పు ఏం చెబుతాడు? ఊళ్లోకి వచ్చిన సంచారుల వల్లే ఈ కీడు, వాళ్లను లేకుండా చేస్తే ఊరు బాగుపడుతుంది అంటాడు. ఆ సంచారులు గాయపడినవారికి సాయం చేయడానికి వచ్చినవారు.

ఈ మాట మనం ఎక్కడా వినలేదా? గేదె చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, కోడలికి గర్భం నిలవకపోయినా, "ఎవరో చేయించారు" అంటారు. చేతబడి, బాణామతి అనే అనుమానంతో మన తెలుగు పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లు పీకారు, సజీవంగా తగలబెట్టారు. పేపర్లో చదివి అన్యులు చేశారులే అనుకుంటాం. మరి స్వస్థత కూటాల్లో మైకు పట్టుకుని, "అమ్మా, నీకు చేతబడి జరిగింది, చేసింది నీ ఇంటికి తూర్పున ఉండే నల్లని స్త్రీ" అని చెప్పే ప్రవక్తలు ఏ మతం వారు? ఆ తల్లి ఇంటికెళ్లి తూర్పు వైపు చూస్తుంది. అక్కడ ఒక విధవరాలు ఉంటుంది. ఆ ప్రవక్త కానుక తీసుకుని ఇంకో ఊరు వెళ్లిపోతాడు. ఆ విధవరాలు మాత్రం అక్కడే బతకాలి.

సమరయుల గ్రామం చేర్చుకోలేదని, ఆకాశం నుండి అగ్ని దిగమని చెప్పమంటారా అని యాకోబు యోహానులు అడిగినప్పుడు ప్రభువు వారినే గద్దించాడు. లూకా 9లో ఉంది. గద్దింపు గ్రామానికి కాదు, శిష్యులకు.

సీరీస్ మీద మా ఫిర్యాదు వేరే ఉంది. గ్రెసిట్‌లో దయ్యాల మీద యుద్ధానికి పవిత్ర జలం కావలసి వస్తుంది. గుంపులో ఉన్న ఒక మామూలు ప్రీస్టు ముందుకొచ్చి ప్రార్థన చేస్తే ఆ నీళ్లు పనిచేస్తాయి. బిషప్పుకు అన్ని నిమిషాలిచ్చి, ఈయనకు రెండు నిమిషాలా? ఇలాంటివారు లోకంలో లేరా? ఉన్నారు. కనబడేంతమంది లేరనే అపవాదు మన మీద ఉంది.

కాబట్టి పెద్దలు అడిగిన తీర్మానం బదులు ఇంకొకటి రాశాం. మన మందిరంలో గాని, మన పందిట్లో గాని, ఎంత పేరున్న దైవజనుడైనా సరే, పేరు చెప్పిగాని, రంగు చెప్పిగాని, దిక్కు చెప్పిగాని ఎవరి మీదనైనా చేతబడి నింద మోపితే అక్కడికక్కడే మైకు ఆపివేస్తాం. జ్వరం వచ్చిన బిడ్డకు చేతులుంచి ప్రార్థన చేస్తాం, ఆ వెంటనే ఆటో పిలిచి ఆసుపత్రికి పంపుతాం, ఆటో కిరాయి సంఘం ఇస్తుంది. కాగితం ఆదివారం ఆరాధన తరువాత కానుకల పెట్టె పక్కన ఉంటుంది. సీరీస్‌ను ఖండించమన్న పెద్దలు ముందు సంతకం పెట్టండి.