సోమవారమున కెదురుచూచు తల్లులు



అమెరికా దేశమున యూటా యను రాష్ట్రము గలదు. సాల్టులేకు నగరము దాని ముఖ్యపట్టణము. ఆ ప్రాంతమున ననేక గృహములలో పదునెనిమిదేండ్లు నిండిన కుమారునకు తల్లి పెట్టె సర్ది, తెల్లచొక్కాలు మడత పెట్టి యిచ్చి, తానెన్నడు చూడని దేశమునకు సాగనంపుచుండును. వాడు పోవునది చదువునకు గాదు, ఉద్యోగమునకు గాదు, యుద్ధమునకును గాదు. తన మతమును బోధించుటకై రెండేండ్లు పోవుచున్నాడు. జీతము లేదు సరికదా, వాని ఖర్చునిమిత్తము వాడు కూడబెట్టుకొన్నదో, యింటివారిదో, నెలనెల సొమ్ము సంఘమునకు కట్టవలెను. అమెరికా దేశస్థులకు 2020 జూలై మొదలు ఆ సొమ్ము నెలకు 500 డాలర్లు.

ఈ మతస్థులను లోకము మార్మనులని పిలుచును. వారి సంఘము 1830లో న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్తుచే స్థాపింపబడినది. కడవరి దినముల పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘమని దాని పూర్తి పేరు. మార్మనులను పేరు మాని పూర్తి పేరే వాడుడని వారి యప్పటి యధ్యక్షుడైన రస్సెల్ నెల్సన్ గారు 2018లో కోరిరి. ఆ పేరు మిక్కిలి పొడవు గావున నేను పాత పేరే వాడుచున్నాను, మన్నింతురు గాక. మార్మనులనగనే బహుభార్యాత్వము కొందరికి జ్ఞప్తికి వచ్చును. సంఘము దానిని 1890లోనే విడిచినది. వారి సిద్ధాంతముల మంచిచెడ్డలు నాకు నేటి విషయము గావు. బిడ్డతో మాటాడుటకు సైతము నియమమడ్డు నిలిచినప్పుడు తల్లి వానికెట్లు దగ్గరగా నుండగలిగినది? నాకాసక్తి కలిగించినది యిదియే.

తొలిదినములలో నిట్లు పోయినవారు పడుచువాండ్రు గారు. భార్యాబిడ్డలు గల సంసారులు. 1839 సెప్టెంబరులో బ్రిగం యంగు, హీబరు కింబలు అను నిద్దరు ఇంగ్లాండునకు బయలుదేరిరి. ఇద్దరును జ్వరపీడితులు. యంగు భార్య మేరీ ఆన్ ప్రసవించి పదిదినములే యైనది. కింబలు ఇంట నాలుగేండ్ల పసివాడొకడు తప్ప తక్కిన వారెల్లరు మంచము పట్టియుండిరి. ఆ పసివాడే వారికి మంచినీళ్లు మోసి యిచ్చుచుండెనట. బండి కొంత దూరము సాగినపిదప కింబలు మనసు నిలువక బండి నాపించి, యిద్దరును బండిలో లేచి నిలువబడి, టోపీలు త్రిప్పుచు జయధ్వానము చేసిరి. ఆ కేక విని భార్యలిద్దరు ద్వారముకడకు వచ్చి చిరునవ్వుతో వీడ్కోలు చెప్పిరని కింబలే వ్రాసి పెట్టెను.

ఈ కథను వారి గ్రంథములు భక్తికి నిదర్శనముగా చెప్పును. నాకు మాత్రము ద్వారమునకు వచ్చిన స్త్రీలమీదనే దృష్టి నిలుచుచున్నది. బండిలోని వారికి ముందున్నది సముద్రయానము, క్రొత్త దేశము. ద్వారముకడ నున్నవారికి ముందున్నది జ్వరము, పసిబిడ్డలు, రానున్న చలికాలము. భర్తలు తిరిగి యిల్లు చేరినది 1841 జూలైలో. ఆ నడుమ వారి క్షేమము తెలియుటకు ఓడలు తెచ్చు నుత్తరములే గతి. ఒక యుత్తరము చేరునప్పటికి బిడ్డకు వచ్చిన జ్వరము తగ్గియైన నుండును, లేదా బిడ్డయే లేకుండ పోయియైన నుండును.

స్త్రీలును ఈ సేవకు పోవుచున్నారు. భర్త తోడు లేకుండ సంఘముచే నధికారపూర్వకముగా పంపబడిన మొదటి కన్యలు ఐనెజ్ నైటు, జెన్నీ బ్రిమ్‌హాలు అనువారు. వీరు ప్రోవో పట్టణమువారు, స్నేహితురాండ్రు. యూరపుఖండము చూచి రావలెనని ముచ్చటపడుచుండగా, ఆ ప్రయాణమే సేవాప్రయాణముగా మారి, 1898 ఏప్రిలులో ఇంగ్లాండునకు పోయిరి. వీథులలో నిలిచి యుపన్యసించు స్త్రీలను చూచుటకు జనులు గుమిగూడెడివారట. జెన్నీకి ఆరోగ్యము చెడి కొద్దినెలలకే యింటికి మరలవలసి వచ్చెను. ఐనెజ్ 1900 వరకు నచ్చటనే యుండెను. జెన్నీ తరువాత ఐనెజ్ సోదరుని పెండ్లాడెను. గడువుకు ముందే మరలివచ్చిన ఈ జెన్నీయే 1921 మొదలు 1928 వరకు ఆ సంఘపు స్త్రీసమాజమునకు పాలకవర్గమున నొకతెగా నుండెనన్న మాట మనసున నుంచుకొనుడు; ముందు దానితో పనియున్నది.

ఇక నేటి పద్ధతి. 2012 అక్టోబరు వరకు పురుషులకు 19, స్త్రీలకు 21 ఏండ్లు నిండవలసియుండెను. అప్పుడు వయస్సును 18కిని 19కిని తగ్గించిరి. 2025 నవంబరులో స్త్రీలకును 18 ఏండ్లే చాలునని ప్రకటించిరి. పురుషులకు ఇరువదినాలుగు నెలలు, స్త్రీలకు పదునెనిమిది నెలలు గడువు. 2024 చివరకు లోకమంతట నిట్టివారు 74 వేలకు పైగా నుండిరి. ఏ దేశమునకు పోవలెనో కోరుకొను స్వేచ్ఛ లేదు. సంఘపు పెద్దలు నిర్ణయింతురు. పూర్వము పెద్ద తెల్లని కవరు టపాలో వచ్చెడిది. బంధుమిత్రులెల్ల కూడియుండగా దానిని చించి చదువుట యొక పండుగ. పేరు తెలియని దేశము వచ్చినప్పుడు బిడ్డలు గోడమీది పటము వెదకెడివారు. 2018 మొదలు కబురు కంప్యూటరులో వచ్చుచున్నది. చించుటకు కవరు లేకపోయినను చుట్టములు కూడుట మాత్రము మానలేదు.

పిదప కొన్ని వారములు ప్రోవోలోనో, వేరొక శిక్షణాలయములోనో ఉండి భాష నేర్చుకొనవలెను. అచ్చటికి పోయిన మొదలు వానికి సొంతపేరు పోవును. ఇంటిపేరునకు ముందు ఎల్డరు, అనగా పెద్ద, అని చేర్చి పిలుతురు. నల్లని పలకమీద నదే వ్రాసి రొమ్మున తగిలింతురు. మీసము సరిగా రాని పిల్లవాని నందరును పెద్దయని పిలుచుట చూడ నవ్వు వచ్చును. ఆడుపిల్లలను సిస్టరు, అనగా సోదరి, అందురు. ఈ కాలమున వానిని చిన్ననాటి పేరుతో పిలుచువారెవరనగా యింటివారే.

వాడొంటరిగా నుండరాదు. తోడుగా మరియొక మిషనరీ యెల్లప్పుడు నుండవలెను. ఎవరు తోడో తానేర్పరచుకొనుటకు లేదు. కొన్ని వారముల కొకమారు తోడు మారవచ్చును, ఊరు మారవచ్చును. ప్రొద్దున చదువు, పిదప సాయంకాలముదాక యిండ్లు తిరుగుట, రాత్రి పెందలకడ నిద్ర. సినిమాలు లేవు, ప్రేమవ్యవహారములు లేవు. తలుపు తట్టిన యిండ్లలో పెక్కింట తలుపు మొగముననే మూయుదురు. పదునెనిమిదేండ్ల వానికి దినమునకు నలువదిమారులు లేదను మాట వినుట యెంతటి కష్టమో, కొడుకును గారాబముగా పెంచిన తల్లికి చెప్పనక్కరలేదు. వంట వారే చేసికొనవలెను, బట్టలు వారే యుదుకుకొనవలెను. అమ్మ యుండగా గ్లాసు కడుగనివాడు రెండేండ్ల పిదప తన పళ్లెము తాను కడుగుకొనుట చూచి కన్నుల నీరు పెట్టుకొనని తల్లియుండునా?

వారమున కొకదినము వారికి విడుపు. సాధారణముగ నది సోమవారము. బట్టలు, సరకులు, క్షౌరము, పిదప ఇంటికుత్తరము, అన్నియు నాదినముననే. తరములుగా నీ ఉత్తరమే తల్లికాధారము. కాగితముపోయి ఈమెయిలు వచ్చినను వారమున కొక్కటే. టెలిఫోనులో గొంతు వినుటకు సంవత్సరమునకు రెండే దినములు: ఒకటి క్రిస్మసు, రెండవది మే మాసపు రెండవ ఆదివారమున వచ్చు మాతృదినము. (ఈ మాతృదినము 1908లో అన్నా జార్విసు అను నామె తన తల్లి జ్ఞాపకార్థము ప్రారంభింపగా, 1914లో అమెరికా ప్రభుత్వము గుర్తించినది.) రెండేండ్లకు నాలుగుమారులు! ఆ కొద్దిసేపటిలో తాత, తండ్రి, తమ్ములు, చెల్లెండ్రు అందరును మాటాడవలెను. అడుగదలచిన ప్రశ్నలను ముందుగా కాగితముపై వ్రాసికొని కూర్చుండెడివారును గలరు.

ఇట్టి కఠిననియమ మేలయనగా, ఇంటి గొంతు వినినకొలది బెంగ హెచ్చుననియు, మనసు పనిపై నిలువదనియు పెద్దల యభిప్రాయము. అందులో కొంత నిజము లేకపోలేదు. క్రొత్తగా కాపురమునకు పోయిన పిల్లను మొదటినెలలోనే పదిమారులు చూడబోవలదని మన పెద్దలును చెప్పెడివారు గదా. అయినను ఈ లెక్కలో తల్లి బెంగ యెవరి పద్దులోను చేరలేదు. ఉత్తరములో బిడ్డ తాను చెప్పదలచినదే చెప్పును. "నేను క్షేమము, భోజనము బాగున్నది" అని వ్రాసిన చేయి, మూడుదినములుగా జ్వరముతో వణకుచున్న చేయి కావచ్చును.

2019 ఫిబ్రవరిలో నీ నియమము మారినది. వారమున కొకమారు విడుపుదినమున టెలిఫోనులోగాని, మొగము కనబడు వీడియోలోగాని యింటివారితో మాటాడవచ్చునని సంఘము ప్రకటించెను. తల్లిదండ్రుల పుట్టినదినము వంటి ముఖ్యదినములలోను మాటాడవచ్చును. కాని యొక మెలిక యున్నది. బిడ్డయే పిలువవలెను, ఇంటివారు పిలువరాదు. ఇది నాకు మిక్కిలి తెలివైన యేర్పాటుగా తోచుచున్నది. త్రాడు బిడ్డచేతిలో నుండును. తల్లి యెదురుచూడవలెను, కాని, యెదురుచూచుటకు ఆరుమాసములు కాక యేడుదినములే.

మొగము కనబడుటవలన నుత్తరము దాచినదంతయు బయటపడును. చిక్కిన చెంపలు, నిద్రలేని కన్నులు, తెచ్చిపెట్టుకొన్న నవ్వు తల్లికి కనబడక తప్పవు. అయితే తల్లి మొగమును బిడ్డకు కనబడును. ఇంటనున్న చిక్కులెల్ల ఆ పావుగంటలోనే విప్పిపోసి, తుదకు కన్నీళ్లతో ముగించినచో, ఆ వారమంతయు వాడు తలుపులేమి తట్టగలడు? మాటాడదగినవి చిన్న సంగతులే యని నా యభిప్రాయము: పెరటిలో నేమి పూచినది, తమ్ముడు పరీక్షలో నెట్లు వ్రాసినాడు, నేడేమి వండితిమి. ఈ చిన్న సంగతులలోనే బిడ్డకు తన యిల్లు యథాస్థానమున నున్నదని తెలియును. ఉత్తరములను మాత్రము మానరాదు. పిలుపు ముగియగనే పోవును. ఉత్తరము పెట్టెలో నుండును, మనుమలు చదువుదురు. కింబలు తన భార్యకు వ్రాసిన యుత్తరములు నేటికిని నిలిచియున్నవి.

గడువు నిండకుండ మరలివచ్చువారి సంగతి మిక్కిలి బాధాకరము. శరీరారోగ్యము చెడియో, మనసు క్రుంగియో, విశ్వాసము సడలియో కొందరు మధ్యలోనే వత్తురు. విమానాశ్రయమున తోరణములు, బుడగలు, కేకలతో సాగవలసిన స్వాగతము వీరికి గుసగుసలుగా మారును. చర్చిలో నెవరైన "అప్పుడే వచ్చితివా?" యని యడిగిన చాలును. వీరిలో పెక్కండ్రు తాము వంశమునకే తలవంపు తెచ్చితిమని క్రుంగుచున్నారని ఆ సంఘములోనివారే చెప్పుచున్నారు. జెన్నీ బ్రిమ్‌హాలును ఇందులకే జ్ఞప్తియందుంచుకొనుమంటిని. దూరదేశము పోలేనివారు ఇంటనే యుండి యాసుపత్రులలోను, ధర్మసంస్థలలోను సేవచేయు మార్గమును సంఘము నేడు చూపుచున్నది. అయినను బిడ్డ తిరిగివచ్చిన రాత్రి తల్లి తొలిమాట యేమను నదే వాని తరువాతి సంవత్సరములను నిర్ణయించును. అచ్చట సంఘపు నియమములు చేయగలిగినది స్వల్పము. ఇరుగుపొరుగువారి కేమి చెప్పుదునను విచారముకన్న ముందుగా వాని కన్నము పెట్టిన తల్లియే వానిని తిరిగి పొందును.

2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపింపగా, వేలకొలది మిషనరీలు ఒక్కమారే స్వదేశములకు మరలవలసి వచ్చెను. సాల్టులేకు విమానాశ్రయమున తలిదండ్రులు గుంపులుగా చేరి కౌగిలించుకొనగా, వ్యాధి దినములలో నిదేమి పనియని రాష్ట్రాధికారులు మందలించిరి. మందలింపు న్యాయమే. కాని యేడాదికి పైగా చూడని కొడుకు నాలుగుబారల దూరమున నుండగా కారులోనే కూర్చుండుమని తల్లికి చెప్పుట యెవరి తరము?

మన తెలుగువారికిని ఈ కథతో కొంత సంబంధము గలదు. 1853లోనే పదుమువ్వురు మార్మను మిషనరీలు కలకత్తాలో దిగిరి. వారిలో రిచర్డు బాలంటైను చెన్నపట్టణము వచ్చెను. ఫలము దక్కక కొద్దియేండ్లలో నందరును వెడలిపోయిరి. 1978లో సమోవా దీవులలో నుండిన యొక తెలుగు దంపతులు ఆ మతము పుచ్చుకొని హైదరాబాదు వచ్చి తమ బంధువులకే బోధించిరి. బిడ్డలను దూరము పంపు నీ సంఘము తెలుగునాట నిట్లు బంధుత్వము వెంబడినే వేరూనినది. భారతదేశమున వారి మొదటి పెద్దమండలి 2012 మే మాసమున హైదరాబాదులోనే యేర్పడెను. ఇచ్చటి తెలుగు కుటుంబముల పిల్లలును నేడు నల్లని పేరుపలక తగిలించుకొని సేవకు పోవుచున్నారు.

గడియారముతో నీ తల్లులకు వేరొక చిక్కు గలదు. కుమారుడు ఫిలిప్పీనులలో నున్నచో, అచ్చటి సోమవారపు ప్రొద్దుట యెనిమిదిగంటలు చలికాలమున యూటాలో ఆదివారము సాయంకాలము అయిదుగంటలు. ఇంటిల్లిపాది బల్లచుట్టు కూర్చుండి మాటాడవచ్చును. జర్మనీలో నున్నచో, వాడు ప్రొద్దుట పదిగంటలకు పిలిచిన పిలుపు ఇచ్చట నర్ధరాత్రి దాటి రెండుగంటలకు వచ్చును. ఇంటిల్లిపాదియు నిద్రలో నుందురు. తల్లి మాత్రము వంటయింటి దీపము వెలిగించి, జుట్టు సవరించుకొని, టెలిఫోను ముందు పెట్టుకొని కూర్చుండును.