నమూనా నౌక - సత్యనిష్ఠ

యుద్ధనౌకకు చేసిన ప్లాస్టిక్ నమూనాను ఏ కొలబద్దతో పరీక్షించాలి? కొలతలు సరిపోతే చాలునని కొందరి అభిప్రాయం. అది సగం సత్యమే.

జపాను యుద్ధనౌక 'యమాటో' పొడవు 263 మీటర్లు. 350వ వంతుకు కుదించిన నమూనా సుమారు 75 సెంటీమీటర్లు ఉండాలి. ఇది స్కేలుతో తేలే లెక్క. అయితే ఒక సెంటీమీటరు మందం గల ఉక్కురేకు ఆ నిష్పత్తిలో మిల్లీమీటరులో 35వ వంతవుతుంది. అంత పలుచని ప్లాస్టిక్ అచ్చులో నిలవదు. కాబట్టి అక్కడ కొంత మందం క్షమార్హమే.

క్షమించరానిది కాలదోషం. 1941లో సేవలో చేరిన ఆ నౌకకు ఇరుపక్కలా ఉన్న రెండు ఉపఫిరంగి గోపురాలను 1944లో తొలగించి, ఆ చోట విమాన విధ్వంసక ఫిరంగులను అమర్చారు. 1945 ఏప్రిల్ 7న నౌక ఆ మార్పులతోనే మునిగింది. పెట్టెపై 1945 అని ముద్రించి, లోపల 1941 నాటి గోపురాలను ఉంచితే, కొలతలన్నీ కుదిరినా ఆ నమూనా అసత్యమే.

యుద్ధాంతంలో ఆ నౌకకు సంబంధించిన పత్రాలు పెక్కు నాశనమయ్యాయి. కనుక కొత్త ఆధారం లభించినప్పుడెల్లా నమూనాను సరిదిద్దడం తయారీదారుల ధర్మం. ఆ నౌకతో పాటు సుమారు 3000 మంది అసువులు బాశారు. వారి చివరి నెలవును చూపే వస్తువును బొమ్మే కదా అని ఉపేక్షించడం తగదు.