ఆట మనది, తాళం ఇంగొకరిది

ధర్మవరంలో మగ్గం పక్కన, పెనుకొండలో కియా బస్సు కోసం నిలబడినచోట, హిందూపురంలో టీ అంగడి కాడ పిల్లోల్ల చేతిలో ఒకటే ఆట: బీజీఎంఐ. కంప్యూటర్ అక్కర్లే, ఫోనుంటే చాలు. అందుకే ఈ దోవ పల్లెకీ తెరుచుకునింది. "ప్రో ప్లేయర్ అయితానన్నా" అని ఎవురన్నా అంటే నేను నవ్వను. అదీ పనే.

అయితే లెక్క చూడండప్పా. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్జీని నిషేధించింది. 2021 జులైలో అది బీజీఎంఐ అయి వచ్చింది. 2022 జులైలో మళ్లా మాయం. 2023 మేలో గానీ తిరిగి రాలే. పది నెలలు! క్రికెట్ ఆటను అట్ల ఎవురూ మూసెయ్యలేరు. ఈడ ఆటకే ఓనరుండాడు, కొరియా కంపెనీ క్రాఫ్టన్. ఆపైన సర్కారుండాది.

2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది, డబ్బులు కట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. మంచిదే. కానీ గుర్తింపు వేరు, జీతం వేరు. జీతమిచ్చే టీములు కొన్నే, మ్యాచ్‌లో టీముకి దిగేది నలుగురే. మనూర్లో తలా నూర్రూపాయలేసుకొని ఆడే కస్టమ్ రూమ్ ఆ క్రీడ కిందికి రాదు.

ఆడండి. ఐటీఐ మాత్రం ఇడిచిపెట్టొద్దండి. సర్వర్ ఆగిపోయిన పొద్దు కూడా చేతిలో ఒక పనుండల్ల.