బెల్టు మారిస్తే సరా?

కారు స్టార్టు చేయగానే కీచుమంటే కొత్త బెల్టు వేసి పంపడం ఆదోని, ఎమ్మిగనూరు షెడ్లలో అలవాటైపోయింది. కొన్నాళ్ళకే మళ్ళీ అదే అరుపు. చాలాసార్లు తప్పు బెల్టుది కాదు, పుల్లీది. పుల్లీ వంకరైతే ఎంత మంచి పట్టా అయినా నిలవదని ఆదోని జిన్నింగు మిల్లుల కార్మికులను అడిగినా చెబుతారు.

ఇంజను ఆపి, బెల్టు తీసి, పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడాలి. గరగరమన్నా, ఊగినా బేరింగు పోయినట్లే. బెల్టు ఒక అంచే అరిగితే పుల్లీలు ఒకే వరుసలో లేవన్నమాట. లోపలివైపు నున్నగా మెరిస్తే బిగువు చాలక జారుతున్నట్లు. ఇదేమీ చూడకుండా బిల్లు వేయడం అన్యాయం.

చాలా కార్లలో ఆల్టర్నేటరుతో పాటు నీటి పంపూ ఈ బెల్టుతోనే తిరుగుతుంది. ఎండవేళ నడిదారిలో అది తెగినా బండి ఆపకపోతే ఇంజనుకే ముప్పు. పాత బెల్టు చూపించి, పుల్లీల సంగతి చెప్పిన తర్వాతే కొత్తది బిగించమని యజమానులు పట్టుబట్టాలి.