కత్తి మాకు, కథ మీకు

ముస్లిం పేరున్న వీరుడు ఎక్కడన్నా కనపడితే మేం ముందు సంబరపడతాం. ఆ తర్వాత అనుమానపడతాం. సినిమాలో మా పేరు వినపడగానే వీడు బాంబు పెడతాడా, హిందూ స్నేహితుడి కోసం ప్రాణమిస్తాడా అని కాచుక్కూచోవడం మాకు అలవాటు. ఈ రెండూ కాని పాత్ర కోసం ఎంతకాలంగా చూస్తున్నామో మీకు తెలియదు. అందుకే 2016 జనవరిలో వచ్చి, పెద్దగా ఎవరి కంటా పడకుండా పోయిన ఒక వీడియో గేము గురించి ఇన్నేళ్లకు దొనకొండలో కూచుని మాట్లాడుతున్నాం.

దాని పేరు 'అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా'. అమ్మింది ఫ్రెంచి కంపెనీ యూబీసాఫ్ట్. తయారుచేసింది ఇంగ్లండులోని క్లైమాక్స్ స్టూడియోస్. అంతకుముందు ఏడాది చైనా మీద ఒకటి, తర్వాతి నెలలో రష్యా మీద ఒకటి వచ్చాయి. 2007లో మొదలై ప్రపంచమంతా అమ్ముడుపోయిన పెద్ద గేముల ఇంట్లో ఈ మూడూ చిన్నవాళ్లు. తెర మీద పక్కకి పరిగెత్తాలి. గోడలెక్కాలి. కాపలావాళ్ల కళ్లు కప్పాలి. దొరికితే పొడవాలి. రంగులు మాత్రం కళ్లు చెదిరేలా ఉంటాయి. కాలం 1841. ఒకపక్క సిక్కు రాజ్యం, ఇంకోపక్క ఈస్టిండియా కంపెనీ. వీరుడు అర్బాజ్ మీర్, కాశ్మీరీ. అతని గురువు హమీద్. ప్రియురాలు సిక్కు రాకుమారి ప్యారా కౌర్. కోహినూరు కోసం, ఒక మాయపెట్టె కోసం వేట. శత్రువులు ఇద్దరు తెల్లదొరలు: విలియం స్లీమన్, అలెగ్జాండర్ బర్న్స్.

ముస్లిం వీరుడు, సిక్కు ప్రియురాలు, తెల్ల విలన్లు. ఇంకేం కావాలయ్యా మీకు అంటారు మా సెక్యులర్ మిత్రులు. చెప్తాం, వినండి.

ముందు ఆ పేరు. అసాసిన్ అంటే చాటుగా చంపేవాడు. ఇరాన్ కొండల్లో అలముత్ కోటను 1090లో పట్టుకున్న హసన్ బిన్ సబ్బా అనుచరులకు, నిజారీ ఇస్మాయిలీలకు, వాళ్ల శత్రువులు తగిలించిన తిట్టు అది. గంజాయి మత్తుగాళ్లని. ఆ తిట్టు యూరప్ వెళ్లి మాటగా స్థిరపడింది. కుర్రాళ్లకు మత్తు పెట్టి, స్వర్గంలాంటి తోటలో తిప్పి, హత్యలకు పంపేవారని మార్కోపోలో కథ చెప్పాడు. మంగోలులు 1256లో అలముత్‌ను నేలమట్టం చేసేనాటికి ఆయన రెండేళ్ల పిల్లవాడు.

అదే మార్కోపోలో మా తీరానికీ వచ్చాడు. మోటుపల్లి గురించి రాశాడు. పాములు కాపలా ఉన్న లోయల్లోకి మాంసం ముక్కలు విసురుతారని, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయని రాశాడు. గద్దల కథ చదివి తెలుగువాళ్లంతా నవ్వుకుంటారు. తోట కథను మాత్రం లోకమంతా నమ్మింది. పుస్తకం ఒకటే, చెప్పినవాడు ఒకడే. ఒక కథ కాలక్షేపమైంది, ఇంకో కథ సాక్ష్యమైంది. రెండో కథలో ఉన్నవాళ్లు ముస్లింలు కాబట్టి.

గేములో అసాసిన్లు మంచివాళ్లే, స్వేచ్ఛ కోసం పోరాడేవాళ్లే. కాదనం. అయితే మాకు మంచితనం ఇచ్చినప్పుడు కూడా చేతిలో కత్తి పెట్టే ఇచ్చారు. ముఖానికి ముసుగు వేసి, అర్ధరాత్రి గోడ దూకించి ఇచ్చారు. రహస్య సంఘం సభ్యుడిగా తప్ప మా మనిషి వీరుడు కాలేడా? పగలు, నలుగురిలో, నాగలి పట్టో సమ్మెట పట్టో అన్యాయాన్ని ఎదిరించలేడా?

ఇక విలన్. స్లీమన్ కల్పిత పాత్ర కాదు. 1830లలో కుంఫిణీ థగ్గుల నిర్మూలన శాఖను నడిపిన అధికారి. గేములో అతను మాయపెట్టె కోసం తిరిగే రహస్య సంఘం దొర. నిజం స్లీమన్‌కు మాయపెట్టెతో పనిలేకపోయింది. అతని దగ్గర అప్రూవర్లు ఉన్నారు. వాళ్లు చెప్పిన పేర్లు ఉన్నాయి. ఆ పేర్లతో గీయించిన వంశవృక్షాలు ఉన్నాయి. 1836 నాటి ముప్ఫయ్యో చట్టం ఉంది. థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, చట్టం రాకముందు చెందినా సరే, యావజ్జీవ కఠిన శిక్ష. ఏ హత్య చేశాడు, ఎప్పుడు చేశాడు అని అడగనక్కర్లేదు. చేసిన పనికి కాక చెందిన గుంపుకి శిక్ష.

1839లో ఫిలిప్ మెడోస్ టేలర్ 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవల అచ్చేశాడు. ఆయన ఎవరనుకున్నారు? హైదరాబాదు నిజాం కొలువులో ఉద్యోగి. స్లీమన్ పట్టుకున్నవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. టేలర్ కథానాయకుడు మాత్రం అమీర్ అలీ. ఆ నవల ఇంగ్లండులో విరగబడి అమ్ముడుపోయింది.

ఆ చట్టం ఆత్మ చావలేదు. 1871లో నేరస్త జాతుల చట్టమైంది. 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవాళ్లను స్టూవర్టుపురంలో కంచె వేసి కూచోబెట్టింది. 1952లో ఆ చట్టం రద్దయినా ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ జనం జేబులు తడుముకుంటారు. 1985లో టాడా వచ్చింది, 1995 దాకా ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే, నమాజుకు వెళ్లినవాళ్లు చచ్చిపోతే, పట్టుకుపోయింది మళ్లీ ముస్లిం కుర్రాళ్లనే. కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు చెప్పింది. స్లీమన్‌ను చెడ్డవాణ్ణి చేసినందుకు గేముకు చప్పట్లు కొట్టమంటున్నారు. ఆయన చెడ్డతనం రత్నాల వేటలో లేదు. ఆయన దఫ్తరంలో ఉంది. ఆ దఫ్తరం ఇంకా మూతపడలేదు. నిజం స్లీమన్‌ను ఏ అర్బాజ్ కత్తీ తాకలేదు. లక్నోలో రెసిడెంటు పదవి వెలగబెట్టి, 1856లో స్వదేశం పోతూ ఓడలో చనిపోయాడు.

1841 అంటే ఎక్కడో అమృతసర్‌లో, కాబూల్‌లో జరిగిన కథ అనుకోవద్దు. దానికి రెండేళ్ల ముందే మా వైపు ఏం జరిగిందో చూడండి. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనివే. ఆ కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. కోటలో ఆయుధాలు పోగేశాడని, వహాబీల కుట్రలో ఉన్నాడని కుంఫిణీ 1839 అక్టోబరులో సైన్యాన్ని పంపింది. నవాబును పట్టి తిరుచినాపల్లికి తరలించింది. 1840లో అక్కడే ఆయన హత్యకు గురయ్యాడు. రాజ్యం కుంఫిణీది అయింది. అదే ఏడు, అదే కుట్ర పేరుతో హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో పెట్టారు. 1854లో చనిపోయేదాకా ఆయన ఖైదీయే.

ఏడేళ్ల తర్వాత, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గిద్దలూరు దగ్గర అదే కుంఫిణీ సేనతో తలపడ్డాడు. 1847లో ఉరికంబమెక్కాడు. ఆయన మీద 2019లో కోట్లు పెట్టి సినిమా తీశారు. తీయాలి. మేమూ ఈల వేసి చూశాం. గులాం రసూల్ ఖాన్ పేరు మా జిల్లాలో ఎంతమందికి తెలుసు? ఒకడు ఆయుధం పడితే దేశభక్తి, ఇంకొకడి కోటలో ఆయుధం దొరికితే కుట్ర. ఈ తేడా ఎవరు గీశారు? గీసింది కుంఫిణీ. చెరపకుండా దాచుకుంటున్నది మనం.

నవాబును నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. మాలో కొందరికి ఆ జబ్బుంది. పూట గడవని ఇంట్లో గోల్కొండ దర్బారు కబుర్లు. ఏ నవాబూ మా తాతలకు మాన్యాలు రాసివ్వలేదు. మేం దూది ఏకినవాళ్లం, లద్దాఫులం, దర్జీలం, కసాయివాళ్లం, మార్కాపురం పలకల పనిలో చేతులు అరగదీసుకున్నవాళ్లం. పీర్లు లేచిన రాత్రి మా ఊళ్లలో గుండం తొక్కేది ఒక్క సాయిబులేనా? మస్తానయ్యలు, పీరమ్మలు అనే పేర్లు పెట్టుకున్న రెడ్లనీ, మాదిగలనీ, యాదవులనీ అడగండి. ఈ బతుకు ఏ గేములో ఉంది? ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

కోహినూరే చూడండి. అది పల్నాడులో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. పదిహేడో శతాబ్దంలో ఆ గని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆడా మగా పిల్లా జెల్లా కలిసి 60,000 మంది దాకా అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. 1849లో లాహోరు ఒప్పందంతో, పదేళ్లు నిండిన దులీప్ సింగ్ దగ్గర్నుంచి తెల్లవాళ్లు ఆ రత్నాన్ని లాక్కున్నారు. గేముకు రత్నం కావాలి, రాకుమారి కావాలి. తట్ట మోసిన 60,000 మంది అక్కర్లేదు.

మా దొనకొండదీ అదే కథ. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్లు ఇక్కడ విమానాశ్రయం కట్టుకున్నారు. మీటరు గేజి రోజుల్లో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. 2014లో రాజధాని ఇక్కడే అన్నారు, భూములకు రెక్కలొచ్చాయి, రాజధాని ఇంకో చోటికి పోయింది. చరిత్ర మా ఊరిమీదుగా పోతూనే ఉంది. రన్‌వే ఎవరి చెమటతో పరిచారు, ఇంజనుకు బొగ్గు ఎవరు వేశారు అని ఏ బండీ ఆగి అడగలేదు.

అది ఆటేగా, ఇంత రాద్ధాంతం దేనికి అంటారు సెక్యులర్ మిత్రులు. ఆటలు హరాం, వాటి ఊసు మనకెందుకు అంటారు మా పెద్దలు. ఇద్దరిదీ ఒకటే మాట: ఊరుకోండి. మా పిల్లలు పాఠ్యపుస్తకం మూసేసి ఫోను తెరుస్తున్నారు. వాళ్ల చరిత్ర మాస్టారు ఇప్పుడు అదే. అక్కడ దొరికేది రెండే వేషాలు. దండెత్తి వచ్చినవాడు, లేదంటే చాటున పొంచి ఉన్నవాడు. పదేళ్ల పిల్లవాడికి ఆ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే మేం ఊరుకోం.

పోర్ట్‌స్మత్ వాళ్లను మా చరిత్ర రాయమని మేం అడుక్కోవడం లేదు. ఈ ఊళ్లనుంచి వెళ్లిన పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో కోడ్ రాస్తున్నారు. వాళ్లతో మా మాట ఇది. కర్నూలు కోట ఉంది. గోల్కొండ ఖైదు ఉంది. స్లీమన్ జాబితా ఉంది, అందులో ఇరికించిన పేరును చెరిపెయ్యడమే గెలుపు అయ్యే ఆట ఒకటి ఉంది. దానికి హత్యలు అక్కర్లేదు, మాయపెట్టె అక్కర్లేదు. ఈసారి కథ మేం చెబుతాం. మీరిచ్చిన కత్తి మీరే ఉంచుకోండి.