మిద్దె మీద మిరప, ఇంట్లో విత్తనం

సిరిసిల్ల వాడల్లో మిద్దెల మీద మిరప కుండీలు చూస్తే సంతోషంగా ఉంటుంది. తొక్కుకు చపాట, కూరలోకి తేజ, సాయంత్రం మిర్చీలకు బజ్జీ రకం. కానీ వచ్చే ఏడు అదే చపాట మళ్లీ కావాలంటే చాలామంది దుకాణానికే పోతారు. నేను చెప్పేది ఒక్కటే: తినడానికి ఎన్ని రకాలైనా పెంచండి, ఒక్క రకం విత్తనాన్ని మాత్రం ఇంట్లో నిలుపుకోండి.

గింజలు ఎండబెట్టి దాచినంత మాత్రాన రకం నిలవదు. మిరప పువ్వు తనంతట తానే కాయ కట్టగలదు. అయినా తేనెటీగలు ఒక రకం పుప్పొడిని ఇంకో రకానికి చేరుస్తూనే ఉంటాయి. విత్తనం కోసం సాగుచేసేవాళ్లు రకానికీ రకానికీ మధ్య వందల మీటర్ల ఎడం పాటిస్తారు. గోడకు గోడ ఆనుకున్న మన ఇళ్లల్లో అదెక్కడ సాధ్యం?

పక్కన తేజ ఉంటే చపాటకు కారమెక్కుతుందని అంటుంటారు. ఈ కాపులో ఎక్కదు. కాయ కండ అంతా తల్లి చెట్టుదే. కలిసిన గుణం గింజలో ఉంటుంది, ఆ గింజ మొలిచి కాసినప్పుడు బయటపడుతుంది. అందుకే మోసం ఏడాది దాకా తెలియదు.

దీనికి మందు మన ఊళ్లోనే ఉంది. గాలి ఆడే పలుచటి గుడ్డముక్కను చిన్న సంచిలా కుట్టి, మొగ్గలు విచ్చుకోకముందే ఒక కొమ్మకు తొడిగి, మూతి దారంతో కట్టాలి. రోజూ పొద్దెక్కాక కొమ్మను మెల్లగా తట్టితే లోపలి పుప్పొడి రాలి పిందె పడుతుంది. పిందెలు నిలిచాక సంచి తీసేసి, ఆ కాయల తొడిమలకు రంగు దారం కట్టాలి. మగ్గాల ఊరిలో గుడ్డకూ దారానికీ కరువు లేదు కదా!

ఆ కాయలను చెట్టు మీదే బాగా పండనిచ్చి కోసి, నీడన ఆరబెట్టాలి. గింజ తీసేటప్పుడు చేతులు జాగ్రత్త. అసలు ఘాటు గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. ఆకు ముడత తగిలిన చెట్టును విత్తనానికి ఎంచుకోవద్దు. హైబ్రిడ్ ప్యాకెట్ల మొక్కల గింజ తల్లి గుణం నిలుపుకోదు, కాబట్టి నాటు రకంతోనే మొదలుపెట్టాలి.

వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటాలా లావుగా, ఎర్రగా ఉండి, కారం తక్కువున్న ఈ కాయను రైతులు ఏటేటా గింజ ఎంచి దాచుకోబట్టే మనదాకా వచ్చింది. 2001 నాటి చట్టం కూడా విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతుకు ఇచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. విత్తనాన్ని కాపాడాల్సింది దాన్ని నాటే చేతులే.

ఒక్క ఇల్లు పది రకాలను కాపాడలేదు, కానీ పది ఇళ్లు కలిస్తే ఆ పని కష్టం కాదు. ఇంటికో రకం పంచుకుని, మృగశిర కార్తెకు ముందు ఒకచోట కూడి గింజలు మార్చుకుందాం. ఈ ఏడు మీ వాడలో ఎవరు ఏ రకం చూసుకోవాలో ఇప్పుడే మాట్లాడుకోండి.