బకెట్ నాది, పేరు ఆయనది

పై ఫ్లాటు నుంచి నీళ్ళు కారితే కింది ఫ్లాటు ఆవిడ పైకెళ్ళి తలుపు కొట్టి పోట్లాడాలి. పై ఆవిడ "మా బాత్రూమ్ శుభ్రంగా ఉందండీ, కావాలంటే వచ్చి చూసుకోండి" అనాలి. ఆ తర్వాత ఇద్దరూ లిఫ్టులో ఎదురుపడితే మొహాలు తిప్పుకోవాలి. ఈ పద్ధతి ఏ చట్టంలోనూ రాసిలేదు. అయినా విజయవాడలో మా వదిన వాళ్ళ అపార్టుమెంటు మొదలు ఇక్కడ ఇంగ్లండులో మేముండే బ్లాకు దాకా ఇదే నడుస్తోంది. మగవాళ్ళు పొద్దున్నే ఆఫీసుకి పోతారు. బకెట్ పెట్టేదీ, గుడ్డ పిండేదీ, చివరికి పోట్లాడేదీ ఆడవాళ్ళమే.

విజయవాడ సంగతి వదిలేద్దాం. వదిన వాళ్ళ బిల్డింగుకి ఇన్సూరెన్స్ అన్న మాటే లేదు. అసోసియేషన్ సెక్రటరీ గారు కాఫీ తాగి "చెరి సగం వేసుకోండమ్మా" అంటే అదే తీర్పు. కానీ ఇక్కడ ఈ పనికని మన దగ్గర డబ్బు తీసుకుంటున్న వాళ్ళు ఉన్నారు. తీసుకుని, మన ఇద్దర్నీ పోట్లాటకి వదిలి, వాళ్ళు చూస్తూ కూర్చుంటున్నారు. పిల్లులు రెండూ కొట్టుకుంటుంటే రొట్టె తిన్న కోతి కథ చిన్నప్పుడు అందరం చదివాం కదా. నా కోపం ఆ కోతి మీద.

లీజ్‌హోల్డ్ ఫ్లాటు కొని, పాలు పొంగించి, ఫొటోలు పెట్టి "ఇల్లు కొనుక్కున్నాం" అని ఊళ్ళో చెప్పుకుంటాం. నిజానికి మనం కొన్నది 99 ఏళ్ళో, 125 ఏళ్ళో, 999 ఏళ్ళో అందులో ఉండే హక్కు. నేల, బయటి గోడలు, పైకప్పు, మెట్లు, అందరికీ కలిపి వేసిన గొట్టాలు మామూలుగా ఫ్రీహోల్డర్‌వి, అంటే భూస్వామివి. ఆయన తరఫున మేనేజింగ్ ఏజెంట్ ఉంటాడు. ఏటా వచ్చే సర్వీస్ ఛార్జిలో మరమ్మతుల ఖర్చూ, ఆ ఏజెంటు జీతమూ, బిల్డింగు మొత్తానికి చేసిన ఇన్సూరెన్సులో మన వాటా అన్నీ ఉంటాయి. కంపెనీని ఎంచుకునేది ఫ్రీహోల్డర్. డబ్బు కట్టేది మనం. కాగితం మాత్రం వాళ్ళ బీరువాలో.

పోయిన శీతాకాలం మా బాత్రూమ్ కప్పు తడిసింది. మొదట అరచేయంత మచ్చ, వారానికి పళ్ళెమంత అయింది, తర్వాత చుక్కలు మొదలయ్యాయి. ఏజెంటుకి ఫోన్ చేశాను. ఆ పిల్లవాడు మర్యాదగానే అడిగాడు, లీజు ఎవరి పేరున ఉంది అని. మా వారి పేరున. "అయితే మీతో మాట్లాడలేమండీ, డేటా ప్రొటెక్షన్." అంటే నీళ్ళు నా నెత్తిన పడొచ్చు గాని ఫిర్యాదు నా నోట రాకూడదు. పద్దెనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్న ఇల్లాలు ఆ లెక్కలో ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి.

ఇక్కడ మన మగవాళ్ళని కూడా ఒక మాట అనాలి. కొనేటప్పుడు "జీతం నాది కాబట్టి లోను నా పేరు మీద, పేపర్లు నా పేరు మీద, నీకెందుకు ఆ గొడవ" అంటారు. చెడ్డ మనసుతో అనరు, నాకు తెలుసు. కానీ గొడవంతా వచ్చి పడేది పగలు ఇంట్లో ఉండే మనిషి మీద. బకెట్ నాది, పేరు ఆయనది. కొనేముందే రెండు పేర్లూ రాయించమని పెళ్ళైన ప్రతి అమ్మాయికీ చెబుతున్నాను. ఇప్పటికే కొనేసి ఉంటే, "నా తరఫున నా భార్య అన్ని విషయాలూ మాట్లాడుతుంది, రాస్తుంది" అని ఆయన చేత ఏజెంటుకి ఈరోజే ఒక ఈమెయిల్ పెట్టించండి. నీళ్ళు కారేదాకా ఆగకండి. మా వారు మెట్రోలో కూర్చుని రెండు నిమిషాల్లో పంపారు.

ఆ మెయిల్ అందాక ఏజెంటు నుంచి జవాబు వచ్చింది: ముందు పై ఫ్లాటు వారితో మాట్లాడి తేల్చుకోండి. అదే రోజు పై ఫ్లాటు ఆవిడకి ఇంకో ఉత్తరం వెళ్ళింది: మీ వల్ల కింది ఫ్లాటు పాడవుతోంది, ప్లంబర్ ఖర్చు మీకు వేస్తాం. ఆవిడ నైజీరియా నుంచి వచ్చిన నర్సు, ఒక్కర్తే ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ రాత్రి డ్యూటీలు చేస్తుంది. నేను పైకి వెళ్ళేసరికి ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని వణుకుతోంది. కారణం కనుక్కోకుండానే నేరం మోపేశారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

పై వాళ్ళు కారణమైతే పై వాళ్ళే కట్టాలి కదా అని మా వాట్సాప్ గ్రూపులో అరడజను మంది అన్నారు. ఇది మన బుర్రల్లో పాతుకుపోయిన మాట. ఇక్కడి చట్టంలో, పైనుంచి నీళ్ళు వచ్చినంత మాత్రాన పై వాళ్ళ బాధ్యత అయిపోదు. వాళ్ళు నిర్లక్ష్యం చేశారని చూపించాలి. చెప్పినా బాగుచేయించకపోతే, కుళాయి తిప్పి మరిచిపోతే అది వేరు. గోడలో గొట్టం దానంతటది పగిలితే ఎవరి తప్పూ కాదు. సరిగ్గా అలాంటి దానికోసమే ఇన్సూరెన్స్. పైగా ఆ గొట్టం ఎవరిదన్నది లీజులో ఉంటుంది. ఒక్క ఫ్లాటుకే పనిచేసే గొట్టం సాధారణంగా ఆ ఫ్లాటుదే, అందరిదీ కలిపి పోయే నిలువు గొట్టం ఫ్రీహోల్డర్‌ది. ఎవరిదో చూడకుండా నర్సమ్మకి ఉత్తరం రాయడం పనీ కాదు, న్యాయమూ కాదు.

మేమిద్దరం ఆ సాయంత్రం టీ తాగి ఒక పని చేశాం. ఆవిడ డ్యూటీకి వెళ్తూ తన ఫ్లాటు స్టాప్‌కాక్, అంటే నీళ్ళు లోపలికొచ్చే మెయిన్ మర, కట్టేసి వెళ్ళింది. పిల్లలు వాళ్ళ అత్త ఇంట్లో ఉన్నారు, అంటే పై ఫ్లాటులో చుక్క నీరు వాడేవాళ్ళు లేరు. రాత్రి పదకొండింటికీ, పొద్దున ఆరున్నరకీ మా చుక్కలు జోరందుకున్నాయి. బ్లాకులో అందరూ స్నానాలు చేసే వేళలవి. మా అమ్మ పాలవాడి లెక్క క్యాలెండరు మీద రాసేది, ఏ రోజు లీటరు, ఏ రోజు అర లీటరు, ఏ రోజు నాగా. నేను అలాగే నోటుబుక్కులో తేదీ, వేళ, బకెట్‌లో పడ్డ నీళ్ళు వంటింటి కొలత జగ్గుతో ఎన్ని మిల్లీలీటర్లో రాశాను. మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫొటో. మూడు రాత్రులు ఇలా. ఆ పేజీల ఫొటోలు ఏజెంటుకి పంపి, ఇది నిలువు గొట్టం, మీది, వచ్చి తెరిచి చూడండి అని రాశాను. నాలుగో రోజు వచ్చారు. గోడ తెరిస్తే నిలువు గొట్టం కీలు దగ్గర చీలిక. నర్సమ్మకి రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నామని రాతపూర్వకంగా ఇమ్మని అడిగి ఇప్పించుకున్నాం. నోటిమాటకి నేను ఒప్పుకోలేదు.

గొట్టం సంగతి తేలింది. మా కప్పు, తడిసి ఉబ్బిన గోడ, దాన్ని కనుక్కోవడానికి పగలగొట్టిన టైల్స్? "మీ ఇంటి ఇన్సూరెన్సులో చూసుకోండి" అన్నారు. ఇది ఇంకో మాయమాట. మనం విడిగా చేసుకునేది కంటెంట్స్ ఇన్సూరెన్స్, అంటే సోఫా, కార్పెట్, బట్టలు, టీవీ. కప్పు, గోడలు, కదలకుండా బిగించిన వంటింటి అరలు, బాత్‌టబ్ మామూలుగా బిల్డింగ్స్ ఇన్సూరెన్సు కిందికి వస్తాయి. దానికి మనం ఇప్పటికే కట్టేశాం. లీకు ఎక్కడుందో వెతకడానికి పగలగొట్టిన ఖర్చుకి చాలా పాలసీల్లో విడిగా ఒక క్లాజు ఉంటుంది. అయితే ఏళ్ళ తరబడి మెల్లగా నాని పాడైనదాన్నీ, అరిగిపోయిన గ్రౌటునీ చాలా కంపెనీలు ఒప్పుకోవు. అందుకే "ఇంకో నెల చూద్దాంలే, పెయింటు వేసేద్దాంలే" అనే మగమాట వినొద్దంటాను. పెయింటు వేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది.

పాలసీ కాగితం అడగండి. 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు వివరాల సారాంశం ఇమ్మని లీజ్‌హోల్డర్ రాతపూర్వకంగా అడిగితే 21 రోజుల్లో ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే అది నేరం. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు, వీళ్ళు అడిగినా పెట్టరు, అందుకే చట్టం పేరు రాసి అడగాలి. ప్రీమియంలో కమిషన్ ఎంత, అది ఎవరికి పోతోంది అని కూడా అడగండి. ఇక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2022లో దీన్ని పరిశీలించి, బ్రోకర్లు పెద్ద పెద్ద కమిషన్లు తీసుకుని అందులో వాటా ఫ్రీహోల్డర్లకీ, ఏజెంట్లకీ పంచుతున్నారని బయటపెట్టింది. అంటే ప్రీమియం ఎంత ఎక్కువైతే ఎంచుకునేవాడికి అంత లాభం! 2023 డిసెంబర్ 31 నుంచి లీజ్‌హోల్డర్ల మేలు కూడా చూడాలనీ, ఈ వివరాలు మనకి చేరాలనీ నిబంధన వచ్చింది. 2024 మేలో వచ్చిన కొత్త లీజ్‌హోల్డ్ చట్టం ఈ కమిషన్లు తీసేసి పారదర్శకమైన ఫీజు పెట్టాలంది. చట్టం పాసవడం వేరు, అందులో సెక్షన్లు అమల్లోకి రావడం వేరు, కాబట్టి అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి.

కోపంతో సర్వీస్ ఛార్జి మాత్రం ఆపకండి. మా గ్రూపులో ఒకావిడ ఆయన అదే చేశాడు, వడ్డీ, లాయరు ఫీజు కలిపి ఇంకో ఉత్తరం వచ్చింది. లీజుకే ముప్పు రావచ్చు. అభ్యంతరం చెబుతూ కడుతున్నామని రాసి కట్టి, అన్యాయమనిపిస్తే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. పెద్ద మరమ్మతుకి ఒక్కో ఫ్లాటు మీద 250 పౌండ్లు దాటి పడేట్టయితే ముందుగా నోటీసులిచ్చి మన మాట వినాలి, లేకపోతే అంతకు మించి వసూలు చేయడం వాళ్ళకి కష్టం. ఉచితంగా సలహా ఇచ్చే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉంది. ఫోన్లో ఓపిగ్గా చెబుతారు. ఇంగ్లీషు గడగడా రాకపోయినా ఫరవాలేదు, నాకూ రాదు. తెలుగులో బి.ఏ. చేసిన దాన్ని, వాక్యం చిన్నదిగా, తేదీతో సహా రాయడం మాత్రం వచ్చు.

మా సారాంశం పంతొమ్మిదో రోజు వచ్చింది. నీళ్ళ లీకు క్లెయిముకి ఎక్సెస్ 1,000 పౌండ్లు. అంటే నష్టంలో మొదటి వెయ్యి కంపెనీ ఇవ్వదు. ఏజెంటు దాన్ని నన్ను కట్టమంటున్నాడు. లీజులో అలా లేదు, గొట్టం ఫ్రీహోల్డర్‌ది, కాబట్టి అది బిల్డింగు ఖర్చు అని రాశాను. కింద ఈసారి రెండు సంతకాలున్నాయి, నాదీ నర్సమ్మదీ. వచ్చే నెల బడ్జెట్ మీటింగుకి మిగతా పన్నెండు ఫ్లాట్ల ఆడవాళ్ళనీ పిలుస్తున్నాం. పిల్లల్ని ఎవరు చూసుకుంటారని అడిగారు. మగవాళ్ళు చూసుకుంటారని చెప్పాం.